పెరటి మొక్కలా, ఆవుదూడా, మేకపిల్లా? బిడ్డ చికిత్సకు తోడుగా ఏది ఎంచుకోవాలి

ఆటిజం, ఏడీహెచ్‌డీ (మనసు నిలవకపోవడం, అతి చురుకుదనం), మాట ఆలస్యం, విపరీతమైన బెదురు ఉన్న పిల్లలకు మొక్కల మధ్య, పశువుల మధ్య పని అప్పగిస్తే మేలు జరుగుతుందన్న మాట తిరుపతి, చిత్తూరు వైపు తల్లిదండ్రుల దాకా చేరింది. అసలు చిక్కు అక్కడే మొదలవుతోంది. ఒకరు గోశాలకు తీసుకెళ్లమంటారు, ఒకరు కుందేళ్లు కొనమంటారు, మరొకరు మిద్దె మీద మొక్కలు పెంచమంటారు. పుంగనూరు ఆవు ధర వాకబు చేస్తున్న తండ్రులూ ఉన్నారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసే మనిషిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ జంతువు గొప్పదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మీ బిడ్డ తన చేతులతో చేయగల చిన్న పని ఏదో, అది మే నెల ఎండల్లో కూడా వారం వారం ఆగకుండా సాగుతుందో లేదో చూసుకోవాలి.

మొక్కలు, పశువులు ఆటిజాన్ని పోగొట్టవు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్స) మానేసి దీన్ని పట్టుకుంటే బిడ్డకు విలువైన కాలం వృథా అవుతుంది. ఆ చికిత్సల్లో నేర్చుకుంటున్నదాన్ని నిజమైన పనిలో వాడుకునే చోటుగా దీన్ని చూడాలి. "ఇవ్వు", "ఇంకా", "నా వంతు" అనే మాటలు బొమ్మ కార్డుల ముందు పలకని బిడ్డ, ఎదురుగా మేక ఆకు కోసం మెడ చాస్తే పలకవచ్చు.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్ చిమ్నీస్ అనే సంస్థ 1947 నుంచి పొలం జంతువుల మధ్య పిల్లలతో పనిచేస్తోంది. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు తరగతి గదిలో గినీ పందులను (ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులను) ఉంచి చూశారు. బొమ్మలతో ఆడేటప్పటి కంటే అవి ఉన్నప్పుడు ఆటిజం ఉన్న పిల్లలు తోటివారి ముఖాలు ఎక్కువగా చూశారు, ఎక్కువగా మాట్లాడారు, నవ్వారు. 2015లో అమెరికాలో 6 నుంచి 16 ఏళ్ల ఆటిజం పిల్లలపై జరిగిన అధ్యయనంలో 10 వారాల గుర్రపు స్వారీ వల్ల చిరాకు, అతి చురుకుదనం తగ్గాయి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు పార్కులో 20 నిమిషాలు నడిచాక, ఊరి వీధుల్లో నడిచినప్పటి కంటే బాగా మనసు నిలపగలిగారని 2009లో వచ్చిన మరో చిన్న అధ్యయనం చూపింది. ఇవన్నీ ఆశ కలిగించేవే. అయితే వీటిలో ఏదీ మన ఇంటి పక్క ఆవును, మన ఎండను, మన దుమ్మును లెక్కలో వేసుకుని చేసింది కాదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది చేతిపని. గోశాల కంచె బయట నిలబడి చూడటం వినోదమే, దానివల్ల బిడ్డకు నేర్పు రాదు. మేత పెట్టడం, నీళ్లు పోయడం, గింజ నాటడం, ఊడ్వడం వంటి పనుల్లో మీ బిడ్డ వంతుకు ఎన్ని వస్తాయో లెక్కపెట్టండి.

రెండోది ఎదురుచూపు. నాలుగు నిమిషాలు నిలవలేని బిడ్డకు రెండు నెలలకు కాసే టమాటా అప్పగిస్తే ఉత్సాహం అక్కడే చచ్చిపోతుంది. మూడోది ఇంద్రియాల భారం: వాసన, అరుపు, తడి, ఈగలు. పేడ వాసనకే వాంతి చేసుకునే బిడ్డను తొలి రోజే పాకలోకి తీసుకెళ్లకూడదు.

నాలుగోది కొనసాగింపు. ఏడాదికి ఒకసారి వంద కిలోమీటర్లు వెళ్లి రోజంతా గడపడం కంటే వారానికి అరగంట దొరికేదే మేలు. ఆ తరువాత ఆరోగ్యం, జంతువు క్షేమం. ఈ రెండింటినీ వేరుగా చూడకండి. ఆకలిగా ఉన్నదీ, కట్టుగొయ్య చుట్టూ తిరగడానికి కూడా చోటు లేనిదీ అయిన జంతువే కుమ్ముతుంది, కరుస్తుంది.

| ఎంపిక | బిడ్డ చేతికి దొరికే పని | ఫలితం కనిపించే కాలం | ఇంద్రియాల భారం | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|---|
| మిద్దె, పెరటి మొక్కలు | చాలా ఎక్కువ, రోజూ | మెంతి 3–4 రోజుల్లో మొలక | తక్కువ. తడి మట్టే కొందరికి కష్టం | మందు పట్టించిన గింజలు, విష మొక్కలు |
| ఆవు, దూడ | మధ్యస్థం, పెద్దల తోడుతో | వెంటనే స్పందన | ఎక్కువ | కుమ్ము, తొక్కుడు, పచ్చిపాలు |
| మేక, గొర్రె | ఎక్కువ | వెంటనే స్పందన | మధ్యస్థం | తోసేయడం, బట్టలు నమలడం |
| నాటు కోళ్లు | మధ్యస్థం | గుడ్డు రోజువారీ బహుమతి | అరుపు, రెక్కల చప్పుడు | సాల్మొనెల్లా (వాంతులు, విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవి) |
| కుందేలు | తక్కువ | వెంటనే | చాలా తక్కువ | వేసవి వేడి, గోళ్ల గీతలు |
| పట్టుపురుగులు | మధ్యస్థం | దాదాపు నెలలో గూడు | చాలా తక్కువ | పొలుసుల అలర్జీ, షెడ్డులో చల్లే మందులు |

## మొక్కలు: చాలామందికి ఇక్కడే మొదలు

నన్నడిగితే పదిమందిలో ఎక్కువమందిని మొక్కల వైపే పంపుతాను. ఖర్చు తక్కువ. బిడ్డ ఏడ్చి వెళ్లిపోయినా మొక్క బెదరదు, రేపు మళ్లీ మొదలుపెట్టవచ్చు. జంతువు దగ్గర ఆ వెసులుబాటు ఉండదు.

పెరుగు డబ్బా అడుగున మేకుతో నాలుగు చిల్లులు పొడిచి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. వంటింటి మెంతులు రాత్రి నానబెట్టి బిడ్డ చేత చల్లించండి. మూడు నాలుగు రోజుల్లో మట్టి పైకి లేచి పగులుతుంది, ఆ పగుళ్లలోంచి వంగిన మెడతో తెల్లటి మొలక తలెత్తుతుంది. ఏ పనిలోనూ కూర్చోని పిల్లలు ఆ పగులు దగ్గర ముఖం పెట్టి కూర్చోవడం చూశాను. మూడు వారాలకు కూర తుంచి పప్పులో వేయవచ్చు. తాను పెంచినది అందరి కంచాల్లోకి వెళ్లడం, కూరలు ముట్టని బిడ్డ కూడా ఒక ఆకు నోట పెట్టడం, ఇవన్నీ కలిసి వచ్చే లాభాలు. మెంతి తరువాత తోటకూర, ముల్లంగి. ఓపిక పెరిగాక చిక్కుడు, టమాటా. వాసనలకు స్పందించే పిల్లలకు పుదీనా, మరువం, దవనం నలిపి వాసన చూపండి.

తడి మట్టి ముట్టని పిల్లలతో తొందరపడకూడదు. మొదట పొడి ఇసుకలో చెంచాతో ఆట. తరువాత పొడి మట్టి. ఆ తరువాత చెంచా తీసేసి వేళ్లు. నీళ్లు ఆఖరున, అదీ బిడ్డే పోయాలి. మధ్యలో ఏ మెట్టు దగ్గరైనా వారాల తరబడి ఆగవలసి రావచ్చు, ఆగండి. చేయి పట్టుకుని బురదలో ముంచితే మళ్లీ కుండీ వైపు రారు.

ప్రమాదాలను తేలిగ్గా తీసుకోవద్దు. విత్తనాల దుకాణంలో కొన్న గింజలు గులాబీ రంగులోనో, నీలం రంగులోనో ఉంటే వాటికి శిలీంధ్రనాశిని పట్టించారని అర్థం. మన చిత్తూరు, తిరుపతి వైపు విత్తన వేరుశనగను మందుతో కలిపి ఉంచడం ఇంటింటా ఉన్నదే. దొరికినదల్లా నోట్లో పెట్టుకునే బిడ్డ చేతికి అవి అందకూడదు. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం గింజలు, గురివింద గింజలు విషం. అందంగా ఉన్నాయని గురివింద గింజలను లెక్కలు నేర్పడానికి ఇచ్చేవారున్నారు, దయచేసి మానండి. మట్టి తినే అలవాటున్న పిల్లలకు ముందు డాక్టరుకు చూపించి, రక్తహీనత, నులిపురుగుల సంగతి తేల్చుకున్నాకే కుండీల దగ్గరికి తీసుకురండి.

చక్రాల కుర్చీలో ఉండే పిల్లలకైతే కుండీలను కుర్చీ చేతుల ఎత్తుకు బల్ల మీద అమర్చండి. వంగి నేలను అందుకోవలసిన తోట వారికి పనికిరాదు. నీడ, ఎరువు, పురుగుల విషయంలో సందేహాలుంటే తిరుపతిలో వ్యవసాయ కళాశాల, వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉన్నాయి, అడిగి తెలుసుకోవచ్చు.

## ఆవు, దూడ: ఇచ్చేది ఎక్కువ, అడిగేదీ ఎక్కువ

ఆవు నెమ్మది జంతువు. దాని ఊపిరి, నెమరు, ఒంటి వెచ్చదనం కొందరు పిల్లలను మరేదీ నెమ్మదింపజేయలేనంతగా నెమ్మదింపజేస్తాయి. గంగడోలు కింద నిమిరితే ఆవు మెడ చాచి కళ్లు సగం మూస్తుంది. తన చేతి వల్ల ఎదుటి ప్రాణికి హాయి కలిగిందన్నది మాటలు రాని బిడ్డకు కూడా ఆ క్షణంలో తెలుస్తుంది. దూడ నాలుక మాత్రం గరుకుగా ఉంటుంది. అరచేతిని నాకగానే కొందరు పిల్లలు పకపకా నవ్వుతారు, కొందరు భయంతో గిజగిజలాడతారు. మీ బిడ్డ ఏ రకమో ముందు మీ చేతిని నాకించి చూపి తెలుసుకోండి.

పుంగనూరు జాతి సంగతి ఇక్కడే చెప్పాలి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే పుట్టిన ఈ పొట్టి జాతి ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే పిల్లల గుండెకు సమానం. పలమనేరు పశు పరిశోధనా కేంద్రం ఈ జాతిని కాపాడుతూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపించిన ఫొటోలు వచ్చాక గిరాకీ మరింత పెరిగింది. బిడ్డ కళ్లకు సమానంగా ఆవు కళ్లుండటం నిజంగా మంచి సౌలభ్యం, ఎత్తయిన సంకర జాతి ఆవు ముందు బెదిరే పిల్లలు దీని దగ్గర నిలబడతారు. అయినా చికిత్స కోసం పుంగనూరు ఆవును కొనవద్దని గట్టిగా చెబుతాను. పొట్టిదైనా అది ఆవే. మేత, నీడ, తిరిగే చోటు, తోటి పశువు, వైద్యం అన్నీ కావాలి. అపార్ట్‌మెంటు కింద కట్టేసిన ఆవుకు బాధ తప్పదు. బిడ్డకు ఆసక్తి తగ్గిన నాడు దాన్ని ఏం చేస్తారన్న ప్రశ్నకు లక్షలు పోసినవారి దగ్గర కూడా జవాబు ఉండదు.

దీనికి బదులు పల్లెలో రెండు ఆవులున్న బంధువు ఇంటికి వారం వారం వెళ్లడం మేలు. అక్కడ బిడ్డకు పని ఉంటుంది: తొట్టిలో కుడితి పోయడం, పచ్చగడ్డి పిడికెడు చొప్పున అందించడం, పాక ఊడ్చేటప్పుడు చీపురు పట్టుకోవడం. ఆవును పేరుతో పిలిచే మామయ్యో, అవ్వో పక్కన ఉంటారు. ఆ మనిషికి ఆ జంతువు స్వభావం తెలుసు, అదే మీకు అసలు భద్రత.

తిరుపతిలో దేవస్థానం గోశాల, అలిపిరి దగ్గర సప్త గోప్రదక్షిణ మందిరం ఉన్నాయి. తొలి పరిచయానికి, దూరం నుంచి చూసి అలవాటు పడటానికి మంచివే. జనం పలుచగా ఉండే వేళ చూసుకుని వెళ్లండి. రద్దీలో బిడ్డకు ఆవు కనిపించదు, మనుషులే కనిపిస్తారు. కనుమ ముందూ వెనుకా చంద్రగిరి, రంగంపేట వైపు పల్లెల్లో పశువుల పండుగ హడావిడి ఉంటుంది. పరుగులు పెట్టిన పశువులు రోజుల తరబడి బెదురుమీద ఉంటాయి. ఆ రోజుల్లో తీసుకెళ్లవద్దు.

గుమ్మపాలు బలమని పిల్లలకు పట్టే అలవాటు ఇంకా ఉంది. పచ్చిపాల ద్వారా బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు వస్తాయి. పాలు పొంగేలా కాచాకే తాగించండి. ఆడ దూడలకు 4–8 నెలల వయసులో బ్రూసెల్లా టీకా, పశువులన్నింటికీ గాలికుంటు టీకా ప్రభుత్వ కార్యక్రమం కింద వేస్తారు. ఆ ఇంటి పశువులకు వేశారా అని అడగడానికి మొహమాటపడకండి. ఈనుతున్న ఆవు దగ్గరికి, నెలలు నిండకుండా ఈసుకుపోయిన దూడ దగ్గరికి పిల్లలను పంపవద్దు. దూడ మీద గుండ్రటి పొలుసు మచ్చలుంటే అది తామర, పిల్లలకు అంటుకుంటుంది.

## మేక, గొర్రె

ఆవుకూ మొక్కకూ మధ్య మెట్టు ఇది. మేకపిల్ల దానంతట అదే దగ్గరికి వస్తుంది. కళ్లలోకి చూడని పిల్లలు ఆకు కోసం మోకాళ్ల మీద కాళ్లు పెట్టే మేక ముఖంలోకి చూడక తప్పదు. వంతులు నేర్పడానికి దీనికి మించినది లేదు: ఒక అవిసె కొమ్మ, ఇద్దరు పిల్లలు, రెండు మేకలు. చురుకైన పిల్లలకు మేక, బెదురు పిల్లలకు గొర్రె నప్పుతుందని నా అనుభవం. పొట్టేలును మాత్రం దూరంగా ఉంచండి.

ఇక్కడ ఒక కష్టమైన విషయం ఉంది. మేకలను పెంచేది ఎక్కువగా మాంసానికే. బిడ్డ పేరు పెట్టుకున్న పిల్ల పండుగకు మాయమైతే ఏం చెబుతారు? పాడి మేకలున్న ఇల్లు గానీ, అమ్మకుండా ఉంచుకునే ఆడ మేక గానీ చూసి ముందే మాట్లాడుకోండి.

## కోళ్లు, కుందేళ్లు

కోడి గుడ్డు తీసుకురావడం క్రమశిక్షణ నేర్పే మంచి పని: రోజూ ఒకే వేళ, ఒకే గంప, లెక్క, జాగ్రత్తగా నడక. శబ్దం భరించలేని పిల్లలకు కోళ్లు వద్దు. కోడిపిల్లలను ముద్దు పెట్టుకోనివ్వకండి. సాల్మొనెల్లా అలాగే వస్తుంది, ఐదేళ్ల లోపువారికి అది తీవ్రంగా మారవచ్చు.

కుందేలును అందరూ సలహా ఇస్తారు, నేను ఇవ్వను. ఎత్తుకోవడం దానికి ఇష్టం ఉండదు, గింజుకుని గీరుతుంది. గట్టిగా పట్టుకుంటే దాని వెన్ను విరుగుతుంది. పైగా వేడికి తట్టుకోలేదు, తిరుపతి మే నెల 40 డిగ్రీలు దాటుతుంది. పెంపుడు జంతువు చనిపోవడం బిడ్డకు తొలి అనుభవం కాకూడదు కదా.

## పట్టుపురుగులు: ఎవరూ తలచుకోని మంచి దారి

పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు ఉన్నవారికి ఇది చేతికందే వనరు. పట్టుపురుగు కరవదు, అరవదు, ఎగరదు, వాసన దాదాపు లేదు. చెవులు మూసుకునే పిల్లలు, జంతువు కదలికకే వణికే పిల్లలు దీన్ని అరచేతిలోకి తీసుకుంటారు. చల్లగా, మెత్తగా పాకుతుంది. పాతిక పురుగులున్న అట్టపెట్టె చాలు. మల్బరీ ఆకు తరిగి వేసి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నటి వాన పడుతున్నట్టు ఆకు కొరికే చప్పుడు వినిపిస్తుంది. పురుగు దశ నాలుగు వారాలకు కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. ఈలోగా నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. ప్రతిసారీ తల ఎత్తి, తినకుండా కదలకుండా ఉంటుంది. "ఇప్పుడు ముట్టుకోకూడదు, ఆగాలి" అని నేర్పడానికి ఇంతకన్నా తేలికైన పాఠం నాకు తెలియదు. తరువాత రెండు మూడు రోజుల్లో గూడు.

రైతు షెడ్డులోకి పిల్లల గుంపును తీసుకెళ్లకండి. అక్కడ సున్నం, బ్లీచింగు, ఇతర మందులు చల్లుతారు. బయటివారి వల్ల పురుగులకు జబ్బు వస్తుందని రైతు భయమూ న్యాయమే. చాకీ పురుగులు (లేత వయసు పురుగులు) కొన్ని, మందు కొట్టని ఆకు అడిగి తెచ్చుకోండి. ఉబ్బసం ఉన్న పిల్లలకు గూళ్లలోంచి చిలుకలు (రెక్కల పురుగులు) బయటికొచ్చే దశ వద్దు, వాటి పొలుసులు పడవు. పట్టు కోసం గూళ్లను ఉడికిస్తారన్న నిజం తెలుసుకునే వయసు పిల్లలైతే మీ దగ్గరున్న గూళ్లను చిలుకలు కానివ్వండి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

తిరుపతి అపార్ట్‌మెంట్లో ఇద్దరూ ఉద్యోగం చేసే దంపతులకు బాల్కనీలో మెంతి, పుదీనా, నెలకు రెండు ఆదివారాలు బంధువుల పల్లె సరిపోతాయి. ఏ జంతువూ కొనవద్దు.

పల్లెలో పశువులున్న ఇంటివారికి ఖర్చు లేదు, పద్ధతి కావాలి. పని బిడ్డకు అప్పగించి, రోజూ ఒకే వేళ, ఒకే వరుసలో చేయించండి. మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉపాధ్యాయులను కలిసి ఏ మాటలు, ఏ పనులు లక్ష్యంగా పెట్టుకోవాలో రాయించుకోండి. ఫీజులు కట్టలేని కుటుంబాలకు ఇదే సరైన దారి.

మూర్ఛ, రోగనిరోధక శక్తి లోపం, తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లలకు డాక్టరు ఒప్పుకున్నాకే జంతువులు. అప్పటిదాకా మొక్కలు, అవీ చేతి తొడుగులతో. 14, 15 ఏళ్లు దాటినవారికి మాత్రం ఆటలా కాక పనిలా చూపండి. నారు పోసి అమ్మడం, గుడ్ల లెక్క రాయడం రేపటి బతుకుతెరువుకు ఉపయోగపడతాయి.

గుర్రపు స్వారీ గురించి అడిగేవారుంటారు. శిక్షణ ఉన్న చికిత్సకుడు, అలవాటైన గుర్రం, పక్కన నడిచే సహాయకులు ఉంటేనే దాని వైపు చూడండి. పెళ్లిళ్లకు తిప్పే గుర్రం ఎక్కించడం చికిత్స కాదు.

## డబ్బు తీసుకునే పొలానికి వెళ్లేముందు

చేతులు కడుక్కునే కుళాయి, సబ్బు ఎక్కడున్నాయో మొదట చూడండి. లేకపోతే తిరిగి వచ్చేయండి. ఒకసారికి ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దలు? జంతువులకు టీకాలు వేశారా, అవి అలసిపోతే వెళ్లి పడుకునే చోటు ఉందా? తల్లిదండ్రులు పక్కన ఉండవచ్చా? మీ థెరపిస్టుతో మాట్లాడతారా? "మూడు నెలల్లో నయం చేస్తాం" అన్న మాట వినిపించిన చోట రూపాయి కూడా కట్టవద్దు. పొలంలో కుక్కలుంటాయి. కరిచినా గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించాలి. బిడ్డ ధనుర్వాతం టీకా గడువు దాటిందేమో ముందే చూసుకోండి.

ఏది మొదలుపెట్టినా ఒక నోటు పుస్తకం పెట్టి మూడే విషయాలు రాయండి: ఎంతసేపు నిలిచాడు, తనంతట తానుగా ఏం చేశాడు, ఆ రాత్రి నిద్ర ఎలా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు చూశాక ఏ మార్పూ లేకపోతే పని మార్చండి, లేదా జంతువును మార్చండి. వెళ్లేరోజు పొద్దున్నుంచే ఏడుపు మొదలవుతుంటే వారాలు లెక్కపెట్టకుండా అప్పుడే ఆపి, థెరపిస్టుకు ఆ పుస్తకం చూపించండి. ఆపేటప్పుడు కూడా చెప్పకుండా మాయం చేయవద్దు. ఆఖరిసారి తీసుకెళ్లి, చేత్తో మేత పెట్టించి, "ఇక రాము" అని బిడ్డకు అర్థమయ్యే మాటలోనో, బొమ్మలోనో చెప్పి తీసుకురండి.